పాత మసీదుల గోడలకి సిమెంట్ వద్దు, సున్నమే కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల కాలమ్‌లో ఒకాయన రాసింది చదివాను. పాత మసీదులు, గుళ్ళు, కోటలు రిపేర్ చెయ్యడానికి ఏళ్ళకేళ్ళు ఎందుకు పడుతోంది, నాలుగు బస్తాల సిమెంట్ తెప్పించి మేస్త్రిని పెట్టి పూయిస్తే వారంలో అయిపోయే పనికి ఇంత హంగామా దేనికి అని అడిగారు. ఆయన మీద నాకు కోపం లేదండీ, తెలియక అన్న మాటే, చాలామంది అనుకునే మాటే. కానీ చదివిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. ఎందుకంటే మాది సుతారి పని, అంటే తాపీమేస్త్రి పని, చేసిన ఇల్లు. మా తాత నల్గొండ జిల్లాలో బతికినంతకాలం గచ్చు పని, గిలాబు పని, అంటే గోడలకి సున్నం పట్టించి పూసే పని చేశాడు, గుళ్ళకి చేశాడు, దర్గాలకి చేశాడు, దొరల గడీలకి చేశాడు, ఆయనకి పని నేర్పిన ఉస్తాద్ ముసల్మాను, ఆయన పేరు ఎత్తితే చాలు మా తాత చేతులు రెండూ దగ్గరికి వచ్చేవి. నేను బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైర్ అయ్యాను, తాపీ పట్టలేదు, కానీ ఆయన పక్కన కూర్చుని సున్నం నానబెట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను, కొంచెం పెద్దదైనా వేసుకోండి.

హైదరాబాద్‌లో కార్వాన్ రోడ్డు మీద టోలీ మసీదు అని ఒకటి ఉంది. చార్మినార్ చూడ్డానికి వచ్చేవాళ్ళలో నూటికి ఒక్కరు కూడా అటు వెళ్ళరు, మన సిటీ వాళ్ళకే చాలామందికి తెలియదు. గోల్కొండ నుంచి పురానాపూల్ మీదుగా చార్మినార్‌కి పోయే పాత దారి అది, ఒకప్పుడు వజ్రాల వ్యాపారులు దిగిన పేట. ఆ దారిలో ఎత్తైన అరుగు మీద ఈ మసీదు కనిపిస్తుంది, మెట్లెక్కి వెళ్ళాలి. ముందు అయిదు ఆర్చ్‌లు, లోపల ఇంకో హాలు, దానికి మూడు ఆర్చ్‌లు, రెండు పక్కలా రెండు మినార్లు, సుమారు 60 అడుగులు ఉంటాయి. సైజులో మక్కా మసీదు ముందు ఇది చిన్నపిల్ల. కానీ పనితనం చూడాలంటే ఇక్కడికే రావాలి అంటాను నేను.

దీని ఇంకో పేరు దమ్రీ మసీదు. దమ్రీ అంటే మన దమ్మిడీనే, దమ్మిడీకి కొరగాడు అని తిడతాం చూడండి, ఆ దమ్మిడీ. ఈ పేరు వెనక ఒక కథ ఉంది, అది చెప్పాలంటే ముందు మక్కా మసీదు సంగతి చెప్పాలి.

మక్కా మసీదు పని 1617లో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టాడు. చార్మినార్ కట్టిన మహమ్మద్ కులీకి ఈయన అల్లుడు, హయాత్ బక్షీ బేగం భర్త. పునాది రాయి వేసేటప్పుడు పన్నెండో ఏటి నుంచి అర్ధరాత్రి నమాజు ఒక్కరోజు కూడా తప్పనివాడే ముందుకు రావాలి అన్నారట, పెద్దపెద్దవాళ్ళంతా తల దించుకుని నిలబడితే చివరికి సుల్తానే వచ్చి రాయి వేశాడట, పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పోయాక అబ్దుల్లా కుతుబ్ షా కట్టించాడు, ఆ తర్వాత తానాషా కట్టించాడు, 1687లో గోల్కొండ పడిపోయింది, చివరికి ఔరంగజేబు వచ్చి 1694లో పూర్తయిందనిపించాడు. అంటే 77 ఏళ్ళు. ఇల్లు కట్టి చూడు అంటారు కదా, ఇక్కడ ముగ్గురు సుల్తానులు, ఒక బాదుషా కావలసివచ్చింది. మొదలుపెట్టిన రోజు రాళ్ళు మోసిన కుర్రాడు ముసలివాడై పోయాక కూడా పని నడుస్తూనే ఉందన్నమాట. వారంలో అయిపోతుంది అన్నవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఆ కాలంలో ఫ్రాన్స్ నుంచి వజ్రాల వ్యాపారానికి వచ్చిన టావెర్నియర్ ఈ పని జరుగుతుండగా కళ్ళారా చూసి రాసిపెట్టాడు. నమాజు చేసే వైపున ఉండే గూడుకి, అంటే మిహ్రాబ్‌కి, ఒకే రాయి వాడారట, దాన్ని కొండలోంచి తీయడానికే 5 ఏళ్ళు పట్టిందట, 500, 600 మంది ఆగకుండా పనిచేశారట, దాన్ని లాక్కురావడానికి 1,400 ఎద్దులు కావలసివచ్చాయని ఆయనకి చెప్పారట. ఆయన మసీదుని పగోడా, అంటే గుడి, అని రాశాడు, అది వేరే సంగతి. ఆ ఎద్దుల్ని తోలినవాళ్ళు ఎవరు, ఆ రాయి కొట్టినవాళ్ళు ఎవరు? మన చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కాక ఇంకెవరై ఉంటారు, ఏ శాసనంలోనూ వాళ్ళ పేర్లు లేవు.

లోపలి హాలు ఎత్తు 75 అడుగులు, వెడల్పు 220, లోతు 180. మూడు పక్కలా అయిదేసి చొప్పున 15 ఆర్చ్‌ల మీద కప్పు నిలబడింది, నాలుగో పక్క మిహ్రాబ్ గోడ. ఒకేసారి పదివేల మంది నమాజు చెయ్యొచ్చు. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలు మధ్య ఆర్చ్‌లో పెట్టారని, అందుకే ఆ పేరు వచ్చిందని అంటారు. ఆవరణలో నిజాముల సమాధులు కూడా ఉన్నాయి, అవి తర్వాతి కాలం సంగతి, ఈ ఉత్తరంలో వాటి జోలికి పోను.

ఇప్పుడు దమ్మిడీ కథ. మూసా ఖాన్ మహల్‌దార్ అని అబ్దుల్లా కుతుబ్ షా దర్బారులో పెద్ద ఉద్యోగి ఉండేవాడు. మక్కా మసీదు పని చూసుకోవడం ఆయన మీద పెట్టారు, ఖర్చయిన ప్రతి రూపాయికి ఒక దమ్రీ ఆయన వాటా. ఆ దమ్రీలన్నీ పోగుచేసి ఆయన తన పేరుతో మేడ కట్టుకోలేదు, 1671లో కార్వాన్‌లో ఈ మసీదు కట్టించాడు అంటారు. మా చిన్నప్పుడు అణాకి 12 దమ్మిడీలు, రూపాయికి 192 అని మా తాత లెక్క చెప్పేవాడు, సుల్తానుల కాలం నాటి లెక్క అదే అని నేను అనను, కానీ ఒక దమ్మిడీ వాటాతో ఇంత మసీదు లేచిందంటే మక్కా మసీదు మీద ఎంత డబ్బు పోసి ఉంటారో ఊహించుకోండి. అబ్దుల్లా తర్వాత గద్దెనెక్కిన తానాషా కాలంలోనే మన కంచర్ల గోపన్న భద్రాచలంలో గుడి కట్టించి జైలుపాలయ్యాడు, అదే తానాషా దగ్గర అక్కన్న మాదన్నలు మంత్రిగిరీ చేశారు. మన ఇళ్ళలో పిల్లలకి చెప్పే రామదాసు కథా, ఈ మసీదుల కథా ఒకే ఊళ్ళో, ఒకే రోజుల్లో జరిగాయి. నాకు ఇది ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

పోయిన చలికాలంలో మా మనవణ్ణి తీసుకుని టోలీ మసీదుకి వెళ్ళాను. పొద్దున ఎండ ఏటవాలుగా మినార్ మీద పడుతోంది. ఆ టైమ్‌లో చూడాలి దాన్ని, మధ్యాహ్నం చూస్తే అన్నీ చదునుగా కనిపిస్తాయి. ఏటవాలు ఎండలో ప్రతి పువ్వు కింద చిన్న నీడ, ప్రతి తీగ పక్కన చిన్న నీడ, మినార్ కింది నుంచి పైదాకా దాదాపు జానెడు ఖాళీ లేకుండా పని చేశారు. ఆర్చ్‌ల పక్కన తామరపువ్వులు ఉన్నాయి. తామరపువ్వు గుడిలో కూడా ఉంటుంది కదా తాతయ్యా అన్నాడు మావాడు. చేసినవాళ్ళు ఒకళ్ళే అయ్యుంటార్రా, ఆ చెయ్యికి వచ్చిన పువ్వు అది అన్నాను. వాడికి ఎంత అర్థమైందో తెలీదు గానీ చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఆ పువ్వులు రాతిలో చెక్కినవి అనుకుంటారు చాలామంది. కాదండీ, అది సున్నం. తడి గచ్చు మీద చేత్తో, చిన్న చిన్న పనిముట్లతో దిద్దిన పని. ఆరిపోయేలోపు అయిపోవాలి, ఆరాక దిద్దడానికి లేదు, అలాగని తొందరపడితే తీగ తెగిపోతుంది. మూడున్నర వందల ఏళ్ళ వానలూ ఎండలూ తిని ఇంకా ఉంది అది.

ఆ సున్నం ఎలా తయారయ్యేదో మా తాత దగ్గర చూసింది చెప్తాను. సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు, దాన్ని తెచ్చి గుంటలో పోసి నీళ్ళు పోస్తే బుసబుసా ఉడికి పొగలు కక్కుతుంది, పిల్లలం దగ్గరికి వెళ్తే తాత కర్రతో అదిలించేవాడు, కళ్ళలో పడితే కళ్ళు పోతాయి మరి. ఉడుకు తగ్గాక వెంటనే వాడరు, నీళ్ళల్లో వారాల తరబడి నానబెడతారు. తర్వాత గానుగ. గుండ్రటి రాతి కాలవ, దాంట్లో పెద్ద రాతి చక్రం, దానికి ఎద్దు. సున్నం, ఇసుక వేసి తిప్పుతూనే ఉంటారు, కరక్కాయలు దంచి నానబెట్టిన నీళ్ళు పోస్తారు, బెల్లం నీళ్ళు పోస్తారు, పైపూతకి అయితే కోడిగుడ్డు తెల్లసొన కూడా కలుపుతారు. గానుగ దగ్గరికి వెళ్తే బెల్లం వాసన, కరక్కాయ వగరు వాసన కలిసి వచ్చేది, ఇప్పటికీ ఎక్కడైనా కరక్కాయ వాసన తగిలితే నాకు మా తాతే గుర్తొస్తాడు. చివరికి వెన్నలాగా వస్తుంది. తాపీ మీద ముద్ద తీసుకుని తలకిందులుగా తిప్పేవాడు, జారిపడితే ఇంకా కాలేదు, మళ్ళీ తిప్పండ్రా అనేవాడు. గోడకి పట్టించాక తడి గోనెపట్టాలు కప్పి రోజుల తరబడి నీళ్ళు చల్లేవాళ్ళు, పైపూత ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు నున్నటి గులకరాయి తీసుకుని రుద్దేవాళ్ళు, అద్దంలా మెరిసేది. సిమెంట్ లాగా రెండు రోజుల్లో గట్టిపడే సరుకు కాదు ఇది, బట్టీలో కాల్చినప్పుడు రాయిలోంచి పోయిన గాలిని మళ్ళీ మెల్లమెల్లగా పీల్చుకుంటూ ఏళ్ళ మీద తిరిగి రాయి అవుతుంది. రిపేర్లకి ఏళ్ళు ఎందుకు పడుతోంది అన్నదానికి జవాబు ఇక్కడే ఉందండీ, సున్నం తొందరపడదు.

మరి సిమెంట్ పూస్తే ఏమవుతుంది అంటే, మా ఇంట్లో అయిందే చెప్తాను. ఊళ్ళో మా తాత కట్టిన ఇల్లు ఉండేది, రాయీ సున్నం గోడలు, రెండడుగుల మందం. పైపూత అక్కడక్కడ రాలుతోందని మా నాన్న పోయాక నేనే సిమెంట్ గిలాబు చేయించాను, మీద ఆయిల్ పెయింట్ కూడా వేయించాను. డబ్బు నాది, తెలివితక్కువతనం కూడా నాదే. మొదటి ఏడాది కొత్త ఇల్లులా ఉంది. రెండో వానాకాలానికి గోడ అడుగున తెల్లగా ఉప్పు పూసింది, మూడో ఏడు పెయింట్ బుడగలు లేచింది, తర్వాత సిమెంట్ పలకలు పలకలుగా ఊడింది, ఊడినప్పుడు ఊరికే ఊడలేదు, వెనకున్న మా తాత సున్నాన్ని కూడా అరచేతి మందం పట్టుకుని కిందపడింది. సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది, వానకి తాగిన నీళ్ళు ఎండకి బయటికి వదిలేస్తుంది. సిమెంట్ ఆ దారి మూసేస్తుంది, లోపలి తేమ బయటికి పోలేక ఉప్పుని మోసుకొచ్చి అక్కడే పేరుకుంటుంది, లోపల్నుంచి గోడని తినేస్తుంది. యాభై ఏళ్ళు చెక్కుచెదరని గోడని నేను అయిదేళ్ళలో పాడుచేశాను. మా తాత ఉంటే ఆ గోడ చూసి ఏమనేవాడో తలుచుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

సిమెంట్‌ని నేను తక్కువ చెయ్యట్లేదు, అపార్ట్‌మెంట్లకీ బ్రిడ్జిలకీ అది కావాల్సిందే. కానీ మనం వాడే పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి ఇంగ్లండ్‌లో పేటెంట్ వచ్చిందే 1824లో. టోలీ మసీదు 1671. పుట్టని సరుకు మీద ఆ గోడ నిలబడలేదు, దాని ఒంటికి ఇది పడదు.

2019 మే నెలలో చార్మినార్ ఒక మినార్ నుంచి సున్నపు పని పెచ్చు ఊడి కిందపడింది, గుర్తుండే ఉంటుంది, రాత్రి పూట కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. అప్పుడు రెండు రోజులు టీవీల్లో చూపించారు, తర్వాత అందరం మర్చిపోయాం. నాకైతే ఆ రోజు ఆ పెచ్చు ముక్కని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలనిపించింది, పోలీసులు ఉంటారు, ఎవరు ఇస్తారు నాకు. కానీ చేతిలో పడితే అందులో ఏం కలిపారో మా తాత వాసన చూసి చెప్పేవాడు.

చెయ్యలేం అనుకోవద్దు. గోల్కొండ పక్కన కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్ళు మన ప్రభుత్వంతో కలిసి చేసిన పని వెళ్ళి చూడండి. వెనకటి రిపేర్లలో గుమ్మటాల మీద పూసిన సిమెంట్‌ని ఓపిగ్గా తీసేసి మళ్ళీ సున్నమే పట్టించారు. అక్కడి బావులకి 2022లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. నేను వెళ్ళినప్పుడు పరంజా మీద కుర్రాళ్ళు కూర్చుని సున్నం అద్దుతున్నారు, ఒకడి తాపీ పట్టుకునే తీరు చూసి అక్కడే ఆగిపోయాను, బొటనవేలు తాపీ మెడ మీద పెట్టి పట్టుకున్నాడు, అచ్చం మా తాతలాగా. ఎక్కడ నేర్చుకున్నావు బాబూ అంటే ఇక్కడే అంకుల్, పెద్ద మేస్త్రి నేర్పాడు అన్నాడు. అంటే పని చావలేదు, పని ఇస్తే నేర్చుకునేవాళ్ళున్నారు.

నా బాధంతా పెద్ద కట్టడాల గురించి కాదు, వాటికి ఏదో ఒక శాఖ ఉంది, కాస్తో కూస్తో చూస్తారు. ఊళ్ళల్లో, పాత పేటల్లో, పొలాల మధ్య చిన్నచిన్న కుతుబ్ షాహీ మసీదులు ఎన్నో ఉన్నాయి, మూడు ఆర్చ్‌లు, రెండు పొట్టి మినార్లు, ముందు చిన్న హౌజు, అంటే నీళ్ళ తొట్టి. వాటిని చూసుకునేది కమిటీ పెద్దలు. వాళ్ళు ప్రేమతోనే చేస్తారు, రంజాన్ వస్తోందంటే చందాలు వేసుకుని మరీ చేస్తారు. కానీ ఆ ప్రేమే సిమెంట్ అవుతోంది, టైల్స్ అవుతోంది, పచ్చ ఎనామిల్ పెయింట్ అవుతోంది. మా ఊరి దగ్గర ఒక పాత మసీదులో మిహ్రాబ్ చుట్టూ ఉన్న గచ్చు పువ్వుల మీద బాత్రూమ్ టైల్స్ అంటించేశారు. నేను వెళ్ళి అడిగితే అక్కడి పెద్దాయన, చాలా మంచి మనిషి, చాయ్ తాగించి కూర్చోబెట్టి, భాయీ పువ్వులు రాలి నమాజు చేసేవాళ్ళ తలల మీద పడుతున్నాయి, ఏం చెయ్యమంటావు, సున్నం పని చేసేవాడు ఎక్కడున్నాడో నువ్వే చెప్పు, రేపే పిలుస్తా అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. గుళ్ళ దగ్గర కూడా ఇదే కథ, మండపాలకి సిల్వర్ పెయింట్ వేసిన ఊళ్ళు ఎన్ని చూడలేదు.

ఇంకొకటి, రావి మొక్క. పిట్ట ఎక్కడో పండు తిని వచ్చి మినార్ సందులో రెట్ట వేస్తుంది, వానకి మొలుస్తుంది. బెత్తెడు ఉన్నప్పుడు చేత్తో పీకేస్తే వచ్చేస్తుంది. ఎవరూ చూడరు. మూడేళ్ళకి వేరు గోడలోపలికి దిగుతుంది, అప్పుడు పైన కొట్టేసినా లాభం లేదు, కింద వేరు లావెక్కుతూనే ఉంటుంది, రాళ్ళని విడదీస్తుంది. ఏడాదికి ఒకసారి వానలు తగ్గాక ఒక మనిషిని పైకెక్కించి మొలకలు పీకిస్తే చాలు, దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, ఒక నిచ్చెన, ఒక పూట కూలి.

అందుకే ప్రభుత్వంలో ఉన్నవాళ్ళని నేను అడిగేది ఒక్కటే. సున్నం పని తెలిసిన మేస్త్రీలు రాష్ట్రంలో ఎక్కడెక్కడ మిగిలి ఉన్నారో ఒక లిస్ట్ రాయించండి, ఊరు పేరు, ఫోన్ నంబర్‌తో. ఆ లిస్ట్ ప్రతి మసీదు కమిటీకి, ప్రతి గుడి కమిటీకి, చర్చిలకి కూడా ఇవ్వండి. పాత కట్టడం మీద చెయ్యి వేసేముందు ఒక ఫోన్ కొట్టి అడిగే వీలుండాలి. ఐటీఐలలో వెల్డింగ్, ఎలక్ట్రికల్ నేర్పుతున్నట్టే ఒక బ్యాచ్‌కి గానుగ సున్నం నేర్పండి, ఆ కుతుబ్ షాహీ సమాధుల దగ్గర పనిచేసిన కుర్రాళ్ళే పాఠం చెప్తారు. ఆ చాయ్ తాగించిన పెద్దాయనకి ఫోన్ చేసి ఇదిగో నంబర్ అని చెప్పాలని నా ఆశ.

ఎడిటర్ గారూ, మీకూ ఒక విన్నపం. చార్మినార్ ఫోటోలు మీరు ఎన్నోసార్లు వేశారు, ఈసారి ఒక ఆదివారం టోలీ మసీదు మినార్ ఫోటో వెయ్యండి, దగ్గర్నుంచి తీసింది, పొద్దున ఏడున్నర ఎనిమిది మధ్య తీయమనండి. మీ ఫోటోగ్రాఫర్‌కి దారి తెలియకపోతే నేను పురానాపూల్ దగ్గర నిలబడి ఉంటాను, తీసుకెళ్తాను.

ఇట్లు
ఒక సుతారి మనవడు,
హైదరాబాద్